భారం ఎక్కడికి మారుతుంది? దూరపు పరుగు, సైక్లింగ్ సాధనకు సామగ్రి ఎంపిక

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. నిమిషానికి 170 అడుగులు వేస్తూ నాలుగు గంటల్లో దాన్ని పూర్తిచేసే రన్నర్ పాదాలు గమ్యం చేరేలోపు దాదాపు 40,000 సార్లు నేలను తాకుతాయి. తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే పోటీతో పనిలేకుండా గడువులోపు సొంత శక్తితో పూర్తిచేయవలసిన సైకిల్ ప్రయాణానికి, ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. అందులో పది గంటల పాటు నిమిషానికి 80 చుట్ల చొప్పున పెడల్ తొక్కితే మొత్తం 48,000 చుట్లవుతాయి. సీటు ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉండటం, సాక్సు కుట్టు చిటికెన వేలికి తగలడం వంటి చిన్న లోపాలు ఒకసారికైతే మన దృష్టికి కూడా రావు. అవే ఇన్ని వేల సార్లు జరిగేసరికి గాయాలవుతాయి. దూరపు క్రీడల్లో సామగ్రి గురించి ఇంత చర్చ జరగడానికి మూలం ఇక్కడే ఉంది.

అయితే ఆ చర్చ కొత్తవారికి దారి చూపడం కన్నా అయోమయాన్నే ఎక్కువగా పెంచుతోంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గర పరిగెత్తేవారిని గానీ, విశాఖ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు సైకిళ్లు తొక్కేవారిని గానీ ఏది కొనాలని అడిగితే పది రకాల సమాధానాలు వస్తాయి, ఎవరి అనుభవంలో వారిది నిజమే. ఒక వస్తువు మంచిదా, కాదా అని అడిగినంత కాలం ఈ చిక్కు వీడదు. ఆ వస్తువు మన శరీరం మీది భారాన్ని ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెడుతోందని అడిగితే మాత్రం చాలావరకు వీడిపోతుంది. షూ, సీటు, టైరు, ఏదైనా సరే, శ్రమను పూర్తిగా మాయం చేయలేదు. ఒక కండరం నుంచి మరొక కండరానికి, ఒక కీలు నుంచి మరొక కీలుకు దాన్ని మళ్లిస్తుంది. కొన్ని వస్తువులు ఆ మళ్లింపును మనకు కనపడేలా కొలిచి చూపిస్తాయి. ఈ వ్యాసంలో ఒక్కో వస్తువునూ ఆ ప్రశ్నతోనే పరిశీలిస్తాను.

ముందుగా షూ సంగతి చూద్దాం. మడమ కింద ఉండే మందానికీ వేళ్ల కింద ఉండే మందానికీ మధ్య తేడాను డ్రాప్ అంటారు. దుకాణాల్లో దొరికే షూలలో ఇది సున్నా నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. డ్రాప్ ఎక్కువగా ఉంటే మడమ పైకి లేచి ఉంటుంది కాబట్టి పిక్కా, దాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువూ తక్కువ సాగుతాయి, ఆ మేరకు మోకాలికి పని పెరుగుతుంది. డ్రాప్ తక్కువైతే ఇది తిరగబడుతుంది: మోకాలికి ఊరట, పిక్కకు శ్రమ. మోకాలి ముందు భాగంలో నొప్పితో బాధపడే రన్నర్ తక్కువ డ్రాప్ షూకు మారి ఇది అద్భుతమని చెప్పడానికీ, అదే షూ కొన్న మిత్రుడు పిక్క పట్టేసి వారాల తరబడి కుంటడానికీ కారణం ఇదే. ఇద్దరి షూ ఒక్కటే, ఇద్దరి శరీరాల్లోని బలహీన స్థానాలు వేరు. ఒక డ్రాప్ నుంచి మరొక డ్రాప్‌కు మారదలచుకున్నవారు వారంలో ఒకటి రెండు చిన్న పరుగులతో మొదలుపెట్టి నెలల వ్యవధిలో పూర్తిగా మారాలి, ఎందుకంటే ఊపిరితిత్తులూ గుండే అలవాటుపడినంత త్వరగా స్నాయువులు అలవాటుపడవు.

షూ అడుగున ఉండే ఫోమ్ విషయంలో గత పదేళ్లలో నిజంగానే పెద్ద మార్పు వచ్చింది. ఒకప్పుడు దాదాపు అన్ని రన్నింగ్ షూలలోనూ ఈవీఏ అనే ఫోమ్ వాడేవారు. అది నొక్కుకుంటుంది గానీ, నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో చెప్పుకోదగ్గ భాగాన్ని వేడిగా మార్చి వృథా చేస్తుంది. పెబా అనే కొత్త పదార్థం అంతకన్నా తేలికైనది, తీసుకున్న శక్తిలో చాలా ఎక్కువ భాగాన్ని తిరిగి ఇస్తుంది. 2017లో నైకీ ఈ ఫోమ్‌లో వంపు తిరిగిన కార్బన్ ప్లేటును పెట్టి వేపర్‌ఫ్లై షూను మార్కెట్లోకి తెచ్చింది. కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 18 మంది వేగవంతమైన రన్నర్లతో చేసిన పరీక్షలో, ఆ షూ నమూనాతో ఒకే వేగం వద్ద ఖర్చయ్యే శక్తి సగటున 4 శాతం తగ్గింది. మారథాన్ రన్నర్లకు అది చాలా పెద్ద లాభం. పరుగు పోటీల అంతర్జాతీయ పాలక సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో జోక్యం చేసుకుని, రోడ్డు పోటీల్లో వాడే షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించరాదనీ, లోపల ఒక్క ప్లేటు మాత్రమే ఉండాలనీ నిబంధన పెట్టింది.

ఈ షూలు పోటీకి మేలు చేస్తాయన్నది వాస్తవమే. సాధనలో రోజూ వేసుకోవడం నాకు సరైన పనిగా అనిపించదు. గట్టి ప్లేటు వేళ్ల కీళ్లను వంగనివ్వదు, మెత్తటి ఎత్తైన ఫోమ్ మీద చీలమండ నిలకడగా ఉండదు, కాబట్టి పాదంలోని చిన్న కండరాలు చేయవలసిన పని మరొక చోటికి వెళ్తుంది. కార్బన్ ప్లేటు షూలు వాడిన రన్నర్లలో పాదం మధ్యనుండే నావిక్యులర్ ఎముక ఒత్తిడికి దెబ్బతిన్న కొన్ని కేసులను వైద్యులు 2023లో ప్రచురించారు. అవి కొద్ది కేసులే కాబట్టి దోషం షూదేనని తేల్చిచెప్పలేం. కానీ వారంలో అన్ని పరుగులకూ ఆ ఒక్క జతే వాడేవారు ఆలోచించుకోవడానికి అది చాలు. పోటీ రోజుకూ, దానికి ముందు ఒకటి రెండు వేగవంతమైన సాధనలకూ దాచుకుంటే, ఖరీదు పెట్టి కొన్న ఫోమ్ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక పాదం లోపలికి ఒరిగే తీరును బట్టి షూ ఎంచుకోవాలన్న సలహా దశాబ్దాలుగా దుకాణాల్లో వినిపిస్తోంది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వీడియో తీసి, మీ పాదం ఒరుగుతోంది కాబట్టి గట్టి ఆసరా ఉన్న షూ కొనండని చెబుతారు. డెన్మార్క్‌లో 900 మందికి పైగా కొత్త రన్నర్లకు వారి పాదం తీరుతో సంబంధం లేకుండా ఒకే మామూలు షూ ఇచ్చి ఏడాది పాటు గమనించారు. పాదం ఓ మోస్తరుగా ఒరిగేవారికి గాయాలు ఎక్కువైనట్టు ఆ అధ్యయనంలో తేలలేదు. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్, తన సహచరులతో కలిసి 2015లో చేసిన ప్రతిపాదన నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది: వేసుకున్న వెంటనే పాదానికి హాయిగా ఉన్న షూనే ఎంచుకోవాలి, ఎందుకంటే శరీరం తనకు నప్పే కదలికకు అడ్డురాని షూనే హాయిగా భావిస్తుంది. షూ కొనడానికి సాయంత్రం వెళ్లడం మంచిది, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగులో వాడే సాక్సులే వేసుకుని, బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండేలా చూసుకుని, దుకాణం బయట నాలుగడుగులు పరిగెత్తి చూడాలి.

వీలైతే రెండు వేర్వేరు రకాల జతలు మార్చి మార్చి వాడాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. లక్సెంబర్గ్‌లో 264 మంది రన్నర్లను 22 వారాలు గమనించినప్పుడు, ఒకటి కన్నా ఎక్కువ జతలు మార్చి వాడినవారిలో గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. షూ మారినప్పుడల్లా భారం పడే చోటు కొద్దిగా మారుతుంది, ఒకే కణజాలం మీద రోజూ అదే దెబ్బ పడదు. దీనివల్ల మనకు మరో లాభమూ ఉంది: వర్షాకాలంలో తడిసిన జత ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది. తడిసిన షూను మండుటెండలో పెడితే జిగురూ ఫోమూ దెబ్బతింటాయి కాబట్టి, లోపలి అట్టను తీసి, పాత న్యూస్‌పేపరు కుక్కి ఫ్యాను కింద ఉంచాలి. గంట తర్వాత పేపరు మారిస్తే తేమ ఇంకా బాగా లాగుతుంది. సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. అడుగు రబ్బరు బాగానే కనిపిస్తున్నా, అలవాటైన దారిలోనే మోకాళ్లలోనో పిక్కల్లోనో కొత్త నొప్పి మొదలైతే ఫోమ్ చచ్చిపోయిందని అనుమానించాలి.

చర్మం సంగతికి వస్తే చెప్పవలసింది తక్కువ, పాటించవలసింది ఎక్కువ. నూలు సాక్సు చెమటను పీల్చుకుని వదలదు, తడిసిన బట్ట తడిసిన చర్మాన్ని ఒరుసుకుని బొబ్బలు లేపుతుంది; పాలిస్టర్, నైలాన్ కలిసిన పలుచని సాక్సులు ఈ పని చేయవు. తొడల మధ్య, చంకల్లో, చనుమొనల మీద పరుగుకు ముందే వాజిలీన్ రాసుకోవాలి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో నెక్లెస్ రోడ్డు నుంచి ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ గచ్చిబౌలి చేరేవారికి చినుకులు, చెమట కలిసి బట్టలు మొదటి గంటలోనే ముద్దవుతాయి. అటువంటి చోట ఎంత ఖరీదైన షూ అయినా ఒరిసిపోయిన తొడలకు జవాబు చెప్పలేదు.

సైకిల్ దగ్గర లెక్క వేరు. పరుగులో పాదం నేలను తాకి లేస్తుంది. సైకిల్ మీద శరీరం మూడు చోట్ల, సీటు, పెడల్, హ్యాండిల్ దగ్గర, గంటల తరబడి అతుక్కుని ఉంటుంది. ఆ మూడు చోట్ల మధ్య బరువు సరిగ్గా పంచుకోకపోతే వేల రూపాయల భాగాలు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. సీటు తక్కువ ఎత్తులో ఉంటే మోకాలు అవసరానికి మించి వంగి ముందు భాగంలో నొప్పి వస్తుంది. ఎక్కువ ఎత్తులో ఉంటే తొక్కుతున్నప్పుడు నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనుకా, నడుములోనూ నొప్పి వస్తుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉండటం సరైన కొలతగా చాలామంది పాటిస్తారు. టూర్ డి ఫ్రాన్స్ విజేత గ్రెగ్ లెమాండ్ ద్వారా ప్రచారమైన మరో లెక్క ప్రకారం, కాళ్ల మధ్య నుంచి నేల దాకా ఉన్న కొలతను 0.883తో గుణిస్తే క్రాంకు (పెడల్‌ను మోసే కడ్డీ) ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్ల కొలత ఉన్నవారికి అది 70.6 సెంటీమీటర్లవుతుంది. ఇదొక ఆరంభం మాత్రమే; అక్కడి నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున సవరించుకుంటూ పోవాలి, ఒక్కో మార్పు తర్వాత కనీసం ఒక పొడవైన ప్రయాణం చేసి చూడాలి.

సీటు మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందన్న నమ్మకం కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీస్తుంది. మనం కూర్చున్నప్పుడు బరువు మోయవలసినవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. మెత్తటి జెల్ సీటులో ఆ ఎముకలు దిగబడిపోతాయి, మధ్యనున్న మెత్తటి భాగం పైకి ఉబికి, నరాలూ రక్తనాళాలూ ఉండే చోట ఒత్తుతుంది. అరగంట ప్రయాణంలో ఇది తెలియదు. మూడో గంటకు తిమ్మిరి మొదలవుతుంది. ఆ రెండు ఎముకల మధ్య దూరానికి తగిన వెడల్పు ఉండి, కాస్త గట్టిగా, మధ్యలో పల్లమున్న సీటు పొడవైన ప్రయాణాలకు సరిపోతుంది. మెత్తదనం ప్యాడ్ ఉన్న నిక్కరులో ఉండాలి, ఆ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు, ఎందుకంటే వాటి కుట్టులే పుండ్లకు కారణమవుతాయి. నన్ను అడిగితే, మొదటిసారి బ్రెవేకు సిద్ధమయ్యేవారు చక్రాల మీద పెట్టదలచుకున్న డబ్బులో కొంత మంచి నిక్కరు మీద పెట్టాలి.

బూటును పెడల్‌కు బిగించే క్లీట్ల గురించి ఒక్క హెచ్చరిక చాలు. 1985లో ఫ్రాన్స్ సైక్లిస్టు బెర్నార్డ్ ఈనో లుక్ కంపెనీ పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ గెలిచినప్పటి నుంచి ఈ పద్ధతి పోటీ సైక్లిస్టులకు మామూలైపోయింది, కానీ దూరం తొక్కడానికి ఇది తప్పనిసరి కాదు. క్లీటు కోణం కొంచెం తేడాగా ఉన్నా పాదం కదలలేదు కాబట్టి ఆ మెలి మొత్తం మోకాలి మీదికి వెళ్తుంది. కొనదలచుకుంటే, పాదం అటూ ఇటూ కొన్ని డిగ్రీలు తిరగడానికి వీలున్న రకాన్నే కొనాలి. చెక్‌పోస్టుల దగ్గరా టీ కొట్ల దగ్గరా దిగి నడవవలసి ఉంటుంది కాబట్టి క్లీటు బూటు అడుగులోకి ఒదిగిపోయే ఎస్‌పీడీ రకం బ్రెవేలకు అనుకూలం.

టైర్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ పాత నమ్మకం పూర్తిగా తలకిందులైంది. సన్నటి టైరులో గాలి రాయిలా గట్టిగా కొడితే వేగంగా వెళ్తుందని చాలాకాలం అందరూ నమ్మారు. 23 మిల్లీమీటర్ల టైర్లలో 110, 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, వాడుకలో పాయింట్లు) కొట్టేవారు. నున్నటి ఇనుప డ్రమ్ము మీద ప్రయోగశాలలో పరీక్షిస్తే అది నిజమే. రోడ్డు ఇనుప డ్రమ్ము కాదు. గట్టి టైరు కంకర మీద ఎగిరిన ప్రతిసారీ సైకిలూ మనిషీ కలిసి పైకి లేవాలి. ఆ శక్తి ముందుకు వెళ్లడానికి ఉపయోగపడదు, చేతుల్లో, నడుములో, తొడ కండరాల్లో అదురుగా కరిగిపోతుంది. వెడల్పాటి టైరులో గాలి తక్కువగా ఉంటే ఆ చిన్న ఎగుడుదిగుళ్లను టైరే మింగేస్తుంది. అందుకే ఇప్పుడు ప్రొఫెషనల్ పోటీల్లో కూడా 28 మిల్లీమీటర్లు మామూలైంది, రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్–రూబే పోటీలో 30కి మించినవీ వాడుతున్నారు. ఫ్రేములో చోటుంటే మన జిల్లా రోడ్లకు 32 మిల్లీమీటర్లే మేలని నా అభిప్రాయం.

ఎంత గాలి కొట్టాలన్నది బరువును బట్టి ఉంటుంది. 70, 75 కిలోల మనిషి 28 మిల్లీమీటర్ల టైరులో 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, వెనుక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు చక్రంలో నాలుగైదు పాయింట్లు తగ్గించి చూసుకోవచ్చు. మరీ తగ్గిస్తే గుంతలో పడినప్పుడు ట్యూబ్ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. బొటనవేలితో నొక్కి చూడటం దీనికి పనికిరాదు. ఓ స్థాయి దాటాక 65 పాయింట్ల టైరూ 95 పాయింట్ల టైరూ వేలికి ఒకేలా గట్టిగా తగులుతాయి, సైకిల్‌కు మాత్రం ఆ రెంటి మధ్య హస్తిమశకాంతరం ఉంటుంది. ఈ కారణం చేత, సైక్లింగ్‌లో నాకు అన్నింటికన్నా ఇష్టమైన వస్తువు ఒత్తిడి చూపే ముల్లు ఉన్న నిలువు పంపు. కాళ్లతో దాని అడుగును తొక్కిపట్టి, వాల్వు మీద మూతి బిగించి, ముల్లు కదలడం చూస్తూ గాలి కొట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. సైకిల్‌లో ఏ భాగం మార్చినా ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా రాదు.

వేగం కోసం సైకిల్ బరువు తగ్గించాలన్న ఆలోచనను లెక్కతో చూడాలి. సమతలమైన దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు సైక్లిస్టు శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు గాలిని చీల్చుకోవడానికే ఖర్చవుతాయి. ఆ ఖర్చు వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 30 నుంచి 33కు చేరాలంటే గాలి మీద పెట్టే శక్తి 33 శాతం పెరగాలి. గాలికి అడ్డంగా నిలిచేది ప్రధానంగా మన ఒళ్లే. మోచేతులు కొంచెం వంచి, ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకుంటే వచ్చే లాభం, ఒక కిలో తేలికైన ఫ్రేముకు పెట్టే ఖర్చుతో సమదారిలో రాదు. 75 కిలోల మనిషి, 10 కిలోల సైకిల్ కలిసి 85 కిలోలనుకుంటే, ఒక కిలో తగ్గడం వల్ల ఎత్తు ఎక్కేటప్పుడు మిగిలేది ఒక శాతానికి కాస్త పైన. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలెక్కేవారికి అదీ కొంత లాభమే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కేవారికి మాత్రం తెలియను కూడా తెలియదు.

ఇక కొలిచే పరికరాల విషయం. ఇక్కడ తెలుసుకోవలసింది ఏ పరికరం దేన్ని నేరుగా కొలుస్తోంది, దేన్ని ఊహిస్తోంది అన్నది. మణికట్టు వాచీ ఆకుపచ్చ కాంతిని చర్మం మీదికి పంపి, రక్తం పారినప్పుడు తిరిగి వచ్చే కాంతిలో తేడాను చూసి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. పరుగులో చేయి ఊగే లయ, గుండె కొట్టుకునే లయ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు వాచీ పొరపడుతుంది. గుండె వేగం 145 ఉన్నా, అడుగుల లెక్కను పట్టుకుని 170 అని చూపిస్తుంది. సైకిల్ మీద హ్యాండిల్ పట్టుకుని మణికట్టు వంచినప్పుడూ, రోడ్డు అదిరినప్పుడూ ఇదే సమస్య. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విడుదల చేసే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఈ గందరగోళం చాలావరకు ఉండదు. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ 1982లో తీగ లేని మొదటి గుండె వేగ మాపకాన్ని తెచ్చింది. మూల సూత్రం నేటికీ అదే. కట్టుకునే ముందు పట్టీ లోపలి రబ్బరు పట్టలను నీటితో తడపాలి. పొడిగా కట్టుకుంటే, చెమట పట్టేదాకా మొదటి పది నిమిషాలు అర్థంలేని అంకెలు వస్తాయి, చాలామంది అది పాడైపోయిందనుకుంటారు.

ఆ అంకెను చదవడంలో మరో రెండు చిక్కులున్నాయి. 220లో నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందన్న సూత్రం జనాభా సగటుకు సరిపోతుంది గానీ, ఒక్కో మనిషి విషయంలో పది పన్నెండు అంకెలు అటూ ఇటూ పోవడం మామూలే. నలభై ఏళ్ల మనిషికి 180 అని లెక్కవేసి సాధన మండలాలు, అంటే తేలిక నుంచి కఠినం దాకా గుండె వేగ శ్రేణులు, గీస్తే, అసలు గరిష్ఠం 192 ఉన్నవారు తేలికపాటి పరుగుల్లో అకారణంగా నడవవలసి వస్తుంది, 168 ఉన్నవారు ప్రతిరోజూ తెలియకుండానే పోటీ పడినంత శ్రమ పడతారు. రెండోది మన వాతావరణానికి సంబంధించింది. వేడిలో రక్తం కొంత చర్మం చల్లబరచడానికి వెళ్తుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, అందువల్ల వేగం మారకపోయినా గుండె వేగం నెమ్మదిగా పైకి పాకుతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది కాబట్టి ఇది ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కిలోమీటరుకు పట్టే సమయాన్ని పక్కనపెట్టి గుండె వేగాన్నే పాటించడం క్షేమం, ఎందుకంటే ఆ నెలల్లో శరీరం మోస్తున్న అసలు భారం దానిలోనే కనిపిస్తుంది.

సైకిల్ పవర్ మీటర్‌కు ఈ రెండో చిక్కు లేదు. జర్మనీ ఇంజినీరు ఉల్రిక్ షోబెరర్ 1980ల రెండో భాగంలో రూపొందించిన ఎస్ఆర్ఎం నుంచి నేటిదాకా ఇవి ఎక్కువగా క్రాంకులోనో పెడల్‌లోనో లోహం ఎంత వంగుతోందో కొలిచి, తిరిగే వేగంతో గుణించి వాట్లలో చెబుతాయి. సున్నా స్థితిని సరిచూసుకుని వాడితే ఎదురుగాలి, ఎత్తు, ఎండ, ఏదీ ఆ అంకెను మోసగించలేదు. ఒక కాలి వైపే కొలిచి రెండింతలు చేసే చవకరకం కూడా, రోజుకు రోజును పోల్చుకోవడానికి సరిపోతుంది. పరుగు వాచీలు చూపే వాట్లు మాత్రం వేగం, ఎత్తు, కదలికల నుంచి గణించిన అంచనా, రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. జీపీఎస్ దూరం గురించి కూడా ఒక అపోహ ఉంది. మారథాన్ దారిని కొలిచేది సైకిలే: ముందు చక్రానికి చుట్లు లెక్కించే జోన్స్ కౌంటర్ అనే పరికరం బిగించి, మలుపుల్లో వీలైనంత దగ్గరి గీత మీద తొక్కి, దారి పొరపాటున కూడా తక్కువ కాకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. రన్నర్లు ఆ దగ్గరి గీత మీదే పరిగెత్తలేరు, ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరతాయి. అందుకే వాచీ 42.6 చూపిందని నిర్వాహకులను తప్పుపట్టడం న్యాయం కాదు. ఉపగ్రహ సంకేతాలను రెండు పౌనఃపున్యాల మీద అందుకునే వాచీలలో ఈ తప్పు తగ్గుతుంది.

నీళ్లు, ఉప్పుల దగ్గర నాకు ఇష్టమైన పరికరం ఇంట్లో బరువు చూసుకునే యంత్రం. గంటన్నర పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని తూగితే 1.2 కిలోలు తగ్గారనుకుందాం, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగారు. అంటే పోయిన చెమట 1.6 లీటర్లు, గంటకు ఒక లీటరు దాటింది. ఏ సీసా ఎంత పెద్దది కొనాలో, ఎంత దూరానికొకసారి నీళ్లు కావాలో ఈ అంకె చెబుతుంది. పోయిన దానికన్నా ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే: 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మంది రక్తంలో సోడియం ఉండవలసిన స్థాయికన్నా తగ్గింది, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో అది ఎక్కువగా కనిపించింది.

ఓఆర్ఎస్ విషయంలోనూ స్పష్టత అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. ఓఆర్ఎస్ అన్న పేరుతో అమ్మిన చాలా పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉండేది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని ఆదేశించింది. అయితే అసలైన ఓఆర్ఎస్ కూడా ఆహారం కాదు. పొడవైన సాధనలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, లీటరు ఓఆర్ఎస్‌లో ఉన్నది అందులో సగం కూడా లేదు. నీళ్లు, ఉప్పు ఒక సీసాలోనూ, శక్తినిచ్చేది అరటిపండుగానో ఖర్జూరంగానో జెల్‌గానో జేబులోనూ పెట్టుకుంటే, ఎండ పెరిగినా దేన్ని ఎంత పెంచాలో చేతిలో ఉంటుంది.

కోలుకోవడానికి అమ్మే వస్తువుల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఫోమ్ రోలర్, మసాజ్ గన్ కండరాలను కాసేపు వదులుచేస్తాయి. బిగుతు సాక్సులు కొందరికి మర్నాటి నొప్పిని కొద్దిగా తగ్గిస్తాయి. ఎనిమిది గంటల నిద్రకు ఇవేవీ సాటిరావు.

రాత్రి ప్రయాణాల్లో మాత్రం రాజీ పడటానికి వీల్లేదు. బ్రెవేల గడువు 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27 గంటలు కాబట్టి చీకట్లో తొక్కక తప్పదు. ముందు దీపం, వెనుక దీపం, కాంతిని తిప్పికొట్టే జాకెట్ ఎప్పుడూ ఉండాలి, వెనుక దీపాలు రెండుంటే ఒకటి ఆరినా ప్రాణం నిలుస్తుంది. లారీ డ్రైవరుకు స్థిరంగా వెలిగే దీపం దూరాన్ని అంచనా వేయడానికి వీలిస్తుంది, మిణుకుమనేది దృష్టిని లాగుతుంది, రెండూ ఒకటొకటి పెట్టుకోవచ్చు. రన్నర్లు తెల్లవారుజామున వాహనాలకు ఎదురువైపు నుంచి పరిగెత్తాలి, చెవులు మూసే ఇయర్‌ఫోన్లు వదిలేయాలి.

డబ్బు పరిమితంగా ఉన్నవారు పాత సామాను కొనడానికి వెనకాడనవసరం లేదు, ఏది కొనవచ్చో తెలిస్తే చాలు. అల్యూమినియం ఫ్రేము, చక్రాలు, నిలువు పంపు, సైకిల్‌ను ఇంట్లోనే తొక్కడానికి బిగించే ట్రైనర్, వాచీ చేతులు మారినా పనిచేస్తాయి. పవర్ మీటర్ కొనేముందు అది సున్నా స్థితికి సరిగ్గా వస్తోందో, తెలిసిన బరువు వేలాడదీస్తే సరైన అంకె చూపుతోందో పరీక్షించాలి. గొలుసు అరుగుదల చూపే చిన్న కొలబద్ద వెంట తీసుకెళ్లాలి. 11, 12 గేర్ల గొలుసు 0.5 శాతం సాగిందంటే అది మార్చవలసిందే, అంతకు మించి సాగి ఉంటే పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి కాబట్టి వాటి ఖరీదు ధరలోంచి తగ్గించి బేరం చేయాలి. కార్బన్ ఫ్రేమును దాన్ని పరీక్షించగల మెకానిక్ చూడకుండా కొనకూడదు, పగులు రంగు కింద దాగి ఉండవచ్చు. ఇతరులు వాడిన షూను కొనకూడదు, అందులోని ఫోమ్ వారి బరువుకూ నడకకూ అణిగి ఉంటుంది. పాత హెల్మెట్ అసలే కొనకూడదు: లోపలి థర్మోకోల్ ఒక్క దెబ్బకే నలిగి తన పని ముగించేస్తుంది, ఆ దెబ్బ ఇదివరకే తగిలిందో లేదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.